ఓలి పోయి కట్నం వచ్చె: పెనుకొండ సీమలో పెళ్లి మాట ఎవరిది?

ఇంట్లో ఆడపిల్ల ఫలానా అబ్బాయిని ఇష్టపడ్డానని చెప్పిన రోజున పెద్దల నోట ముందుగా వచ్చే మాట ‘ఇది మన ఇంటావంటా లేదు’ అని. హిందూపురంలోనైనా, పెనుకొండలోనైనా, ధర్మవరంలోనైనా ఇదే మాట. దాని వెనకే కులం, పరువు, నలుగురిలో తలెత్తుకుని తిరగడం వరసగా వచ్చేస్తాయి. అదే పెద్దలు మరో సంబంధం చూసి, కట్నం దగ్గర బేరం తెగక లేచి వచ్చేస్తే మాత్రం దాన్ని ఎవరూ ఇంటావంటా లేని పని అనరు. లోకంలో ఉన్నదే కదా అని సరిపెట్టుకుంటారు. ఈ మూడు ఊళ్ల చుట్టూ జరిగిన పెళ్లిళ్ల చరిత్ర తిరగేస్తే లెక్క తారుమారవుతుంది. ఇక్కడి సేద్యపు కులాల్లో, చేతివృత్తుల కులాల్లో చాలావాటికి కట్నమే కొత్త. పిల్ల తండ్రికి ఓలి, అంటే కన్యాశుల్కం, ఇచ్చి చేసుకోవడం, పొసగనప్పుడు పంచాయితీలో తెగదెంపులు చేసుకోవడం, మళ్లీ మనువాడడం పాతవి. నేను చెప్పదలుచుకున్నది ఇంతే: పెళ్లి విషయంలో ఆడపిల్ల మాట ఏ కాలంలో ఎంత చెల్లిందో సంప్రదాయం పేరు చెప్పి తేల్చలేం. ఆమె కష్టానికి ఎంత విలువ కట్టారు, ఆ విలువ ఎవరి చేతిలో పడింది అన్న రెండు ప్రశ్నలే దాన్ని తేలుస్తాయి.

పెళ్లి గురించి ఈ సీమలో మిగిలిన పాత సాక్ష్యాల్లో కంటికి ఎదురుగా కనపడేది హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలోని లేపాక్షిలో ఉంది. విజయనగర రాజు అచ్యుతదేవరాయల ఏలుబడిలో, 1530ల్లో, పెనుకొండ కొలువులో అధికారిగా ఉన్న విరూపణ్ణ, అతని సోదరుడు వీరణ్ణ కట్టించిన వీరభద్రాలయంలో కల్యాణ మండపం పైకప్పు లేకుండానే ఆగిపోయింది. నిలిచిన స్తంభాల మీద శివపార్వతుల పెళ్లికి తరలివచ్చిన దేవతలూ ఋషులూ ఉన్నారు. పక్కన నాట్య మండపం కప్పు కింద రంగుల బొమ్మల్లో పార్వతీ కల్యాణం ఉంది, మత్స్యయంత్రం కొట్టే అర్జునుడూ ఉన్నాడు. ఆ పెళ్లిళ్లకు బారులు తీరిన ఆడవాళ్ల ఒంటి మీద ఒకరి చీర మరొకరి చీరలా ఉండదు. చారలు, గళ్లు, పువ్వులు, అంచుల్లో తీగలు. ఇప్పటికీ చీర అంచులకు లేపాక్షి డిజైన్లని పేరుపెట్టి నేస్తున్నారు. తపస్సు చేసి తాను కోరుకున్నవాణ్ని సాధించుకున్న కన్య పెళ్లి, విలువిద్యలో నెగ్గినవాడికి కూతుర్నిచ్చిన తండ్రి చేసిన పెళ్లి ఒకే కప్పు కింద ఉన్నాయి. దేవుళ్ల పెళ్లిళ్లను చూపి మనుషుల ఆచారం ఇదీ అని తేల్చలేమన్న మాట నిజమే. ఆ బొమ్మలు చెప్పేది ఒక్కటే. పెళ్లికూతురి కోరికను చిత్రించడం ఆనాటి పెద్దమనుషులకు తప్పుగా తోచలేదు. మనుషుల పెళ్లిళ్ల సంగతి తెలియాలంటే శాసనాలు చూడాలి.

రాజుల ఇంట పెళ్లంటే సంధి. గజపతితో యుద్ధం ముగించి కృష్ణదేవరాయలు ఆయన కూతుర్ని చేసుకున్నాడు. రాయల అల్లుడు కాబట్టే రామరాయలకు అళియ రామరాయలన్న పేరు నిలిచింది. 1565లో రాక్షసతంగడి యుద్ధం పోయాక రాజధానిని పెనుకొండకు మార్చిన తిరుమలరాయలూ రాయల అల్లుడే. అంటే పెనుకొండ గద్దెకు దారి పెళ్లిపందిట్లో నుంచే పడింది. అక్కడ పిల్ల ఇష్టాన్ని ఎవరూ అడిగి ఉండరు. కిందివాళ్ల సంగతి వేరు. విజయనగర కాలంలో పెళ్లి మీద కూడా సుంకం ఉండేది, కృష్ణదేవరాయల కాలంలో దాన్ని ఎత్తేసిన సంగతి శాసనాల్లో కనిపిస్తుంది. ఇంతకన్నా విలువైన సాక్ష్యం వేలూరు దగ్గర విరించిపురం గుడిలో ఉంది. దేవరాయల కాలంలో, 1425లో, పడైవీడు రాజ్యంలోని బ్రాహ్మణులు కూడి రాసుకున్న ఒప్పందం అది. కన్నడిగులు, తమిళులు, తెలుగువారు, లాటులు అందరూ ఇకమీదట కన్యాదానంగానే పెళ్లిళ్లు చేయాలని, బంగారం తీసుకుని పిల్లనిచ్చినవాడికీ బంగారమిచ్చి చేసుకున్నవాడికీ రాజదండనతో పాటు కులంలో వెలి తప్పదని కట్టడి చేసుకున్నారు. లేని దురాచారాన్ని నిషేధించేందుకు ఎవరూ రాయి చెక్కించరు. ఆరువందల ఏళ్ల కిందట పురోహిత కులంలోనే పెళ్లి సొమ్ము పిల్ల తండ్రి వైపు నడిచేదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

బ్రాహ్మణులు వదిలించుకోవాలని చూసిన ఆ పద్ధతి మిగతా కులాల్లో ఇరవయ్యో శతాబ్దం దాకా బాహాటంగా నడిచింది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణ భారత కులాల వివరాల్లో తెలుగు కులాల పెళ్లి గురించి వచ్చిన చోటల్లా ఓలి మాట తగులుతూనే ఉంటుంది. నిశ్చయ తాంబూలాల నాడు కులపెద్దల ఎదుట ఓలి ఎంతో తేలుస్తారు. కొంత రొక్కం, కొంత ధాన్యం, పిల్ల తల్లికి చీర, ఇలా ఇంటింటికీ మారే లెక్క. పేదవాడు ఓలి కట్టలేకపోతే అత్తారింట్లో కొన్నేళ్లు చాకిరీ చేసి తీర్చుకోవడం, రెండిళ్లవాళ్లు ఆడపిల్లల్ని ఇచ్చిపుచ్చుకుని కుండమార్పు పెళ్లిళ్లు చేసుకోవడం దాని చుట్టూ పుట్టిన ఏర్పాట్లే. ఇందులో తర్కం సులువుగానే అర్థమవుతుంది. వాన సరిగా పడని మెట్ట సేద్యంలో విత్తు వేయడం, కలుపు తీయడం, కోత, నూర్పు, పశువుల మేత, అన్నిట్లోనూ ఆడమనిషి చేయి ఉండాలి. కూతురు వెళ్లిపోతే పుట్టింటికి ఒక కూలి తగ్గుతుంది, అత్తింటికి ఒక కూలి పెరుగుతుంది. తగ్గినచోటికి పెరిగినచోటి నుంచి పరిహారం రావాలన్నది ఆనాటి న్యాయం. 1876–78 నాటి కరువు ఈ సీమను తుడిచిపెట్టినప్పుడు కూడా పని చేయగల చేతులే ఇంటికి ఆస్తి.

ఓలి ఉన్నచోట విడిపోవడానికీ దారి ఉండేది. మొగుడితో పడనప్పుడు కులపంచాయితీకి ఎక్కి, తప్పు ఎవరిదో తేల్చి, ఓలి ఎవరు ఎవరికి తిరిగి కట్టాలో చెప్పి తెగదెంపులు చేసేవారు. ఆమె ఇంకొకణ్ని కట్టుకుంటే ఆ కొత్తవాడు పాత మొగుడికి ఓలి చెల్లించాలి. ముండమోసినా మారుమనువుకు అడ్డు లేదు. బాజాలు, తలంబ్రాలు, మేళతాళాలు లేకుండా నలుగురి ఎదుట చీర పెట్టి ఇంటికి తెచ్చుకుంటే చాలు. కన్నడం కలిసిన హిందూపురం, మడకశిర వైపు దాన్ని ఉడికె అనీ, కూడికె అనీ అనేవారు. ఆమెకు మొదటి పెళ్లి పెళ్లాంతో సమానమైన మర్యాద ఉండేది కాదు, కొన్ని శుభకార్యాల్లో దూరంగా ఉంచేవారు. అయినా ఆమె భార్యే, ఆమె పిల్లలు ఆ ఇంటి పిల్లలే. ఇదే కాలంలో రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించేందుకు ఎన్ని తిట్లు, వెలివేతలు భరించాడో అందరికీ తెలుసు. ఆ పోరాటం చిన్నదని కాదు. తెలుగు పుస్తకాల్లో అదొక్కటే చరిత్రగా మిగలడంతో, వితంతువు మళ్లీ పెళ్లాడడం అంటే పూర్వం ఎక్కడా లేనిదని మనకొక భ్రమ ఏర్పడింది. గోదావరి ఒడ్డున సంస్కర్తలు చట్టం చూపి సాధించినదాన్ని పెన్న ఒడ్డున చదువురాని కులపెద్దలు అప్పటికే ఒక చీరతో ముగించేవారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా కులాచారం ప్రకారం విడిపోయే హక్కును తాను తీసేయడం లేదని 29వ సెక్షన్లో చెప్పింది. చట్టం రాసినవాళ్లకు తెలిసిన ఆచారాన్ని మనం మర్చిపోయాం.

ఆడమనిషి చేతికి ఉన్న విలువను ధర్మవరం మగ్గం ఇంట్లో మరీ దగ్గరగా చూడవచ్చు. గుంతలో కాళ్లు పెట్టి కూర్చుని నాడె ఆడించేది మగవాడే కావచ్చు. కానీ పట్టు చీర మగ్గం ఎక్కే ముందు జరగాల్సిన పని మగ్గం మీది పనికి తక్కువ కాదు. పట్టుదారం రాట్నం మీద చుట్టాలి, కండెలు పట్టాలి, పడుగు సాగదీయాలి. పాత పడుగు చివరి పోగుకు కొత్త పడుగు మొదటి పోగును ఒక్కొక్కటిగా, కొన్ని వేల పోగుల దాకా, వేళ్లతో మెలిపెట్టి అతకాలి. ఒక్క పోగు తప్పితే చీరంతా గీత పడుతుంది. అందులో పెద్ద వాటా ఆడవాళ్లది, పిల్లలది. అందుకే నేత ఇంట్లో పెళ్లి సంబంధం వెతకడమంటే పని తెలిసిన చేతులు వెతకడం. తొగటలు, పద్మశాలీలు, కురుహినశెట్లు తమలో తాము, అందునా దగ్గరి చుట్టాల్లో పిల్లను తెచ్చుకోవడం కులం పట్టింపు కోసమే కాదు, చిన్నప్పటి నుంచి కండె పట్టిన పిల్ల కావాలని కూడా. ఇక్కడే ఒక చేదు నిజం చెప్పుకోవాలి. దేశమంతా పెళ్లికూతుళ్లు కట్టుకునే చీరను నేసిన ఇంట్లో, అతికిన వేళ్లకు విడిగా కూలి ఎన్నడూ రాయలేదు. చీరకు షావుకారు ఇచ్చే మజూరీ నేతగాడి పేరు మీద ఒక్కటిగా వచ్చేది. విలువ ఉంది, అది ఆమె చేతికి రాలేదు.

మరి ఇష్టం, ప్రేమ అనేవి ఎక్కడున్నాయి? అవి సినిమాలు చూసి నేర్చుకున్నవి అనేవాళ్లకు మేనరికం జవాబు చెబుతుంది. మేనమామ కూతురు, మేనత్త కొడుకు అన్న వరస ఉన్న పిల్లలు చిన్నతనం నుంచి ఒకర్నొకరు ఎరిగినవాళ్లు. బావామరదళ్ల మధ్య సరసం, ఎకసెక్కెం ఆడుకోవడం పెద్దల ముందే చెల్లుబాటయ్యేవి. పరాయి మగవాడితో మాట్లాడితే తప్పయ్యే పిల్ల బావతో మాట్లాడితే తప్పు కాదు. ప్రేమను ఈ సమాజం నిషేధించలేదు, దానికొక హద్దు గీసింది. 1951లో వచ్చిన ‘మల్లీశ్వరి’ రాయల కాలపు కథే, అందులో ప్రేమించుకున్న నాగరాజు, మల్లీశ్వరి బావామరదళ్లే. జనం ఆ ప్రేమను అంతగా అక్కున చేర్చుకోవడానికి అది హద్దు దాటని ప్రేమ కావడం ఒక కారణం. సినిమా రాక ముందు ధర్మవరంలో పుట్టి బళ్లారిలో ‘సరస వినోదినీ సభ’ నడిపిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు ‘చిత్రనళీయం’ ఆడించినప్పుడు, దేవతల్ని కాదని నలుణ్ని వరించిన దమయంతికి జనం చప్పట్లు కొట్టారు. రంగస్థలం మీద పిల్ల కోరిక ముద్దు, ఇంట్లో వరస కుదిరితేనే ముద్దు. ఆ వరస ఇప్పటికీ పూర్తిగా పోలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ పెళ్లిళ్లలో దాదాపు నాలుగో వంతు రక్తసంబంధీకుల మధ్యవే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. ఓలి అంటే ఆడపిల్లను అమ్ముకోవడమే కదా, దాన్ని పొగుడుతారేం అని. పొగడడం లేదు. ఓలి తండ్రి చేతికి పోయింది. పిల్ల మీద అధికారం తండ్రి నుంచి మొగుడికి మారిందనడానికి అది రసీదు. ఓలి తిరిగి కట్టలేని పేద తండ్రి, కూతురు దెబ్బలు తిని వచ్చినా మళ్లీ అత్తారింటికే పంపించిన సందర్భాలు ఉండకుండా ఉండవు. బళ్లారి, అనంతపురం పల్లెల్లో కొడుకులు లేని ఇళ్లవాళ్లు కూతుర్ని దేవుడి పేరున బసివిగా విడిచేవారు. ఆమె పెళ్లి చేసుకోదు, కొడుకులా తండ్రి ఆస్తికి వారసురాలవుతుంది, తండ్రి కర్మ చేస్తుంది, ఆమె పిల్లలకు తాత ఇంటిపేరే. బ్రిటిష్ పోలీసు అధికారి ఎఫ్. ఫాసెట్ 1890ల్లో దీని గురించి రాస్తూ ఆమెకు మగవాడి హక్కులు వచ్చాయని విడ్డూరపడ్డాడు. వచ్చిన హక్కు నిజమే, దానికి ఆమె చెల్లించిన మూల్యమూ నిజమే. ఇంటి అవసరం కోసం ఆమెను ఊరికి విడిచిపెట్టారు. మద్రాసు రాష్ట్రం 1947లో, ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టాలు చేసి ఇలా దేవుడి పేరున విడవడాన్ని నిషేధించడం సబబే. కాబట్టి పాత రోజులు బంగారు రోజులని నేను అనడం లేదు. పాత రోజుల్లో ఆడపిల్ల భారం కాదని, నష్టపరిహారం ఇవ్వాల్సినంత ఆస్తి అని మాత్రం అంటున్నాను. ఆస్తిగా చూడడం మనిషిగా చూడడం కాదు. అయినా భారంగా చూడడం కంటే తెగదెంపులకూ, మారుమనువుకూ అది ఎక్కువ చోటిచ్చింది.

భారమన్న మాట ఎప్పుడు మొదలైంది? గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరుకు రైలు పడింది 1890ల్లో. దాంతో పాటు కచేరీ ఉద్యోగాలు, బడిపంతులు కొలువులు, హిందూపురం బెల్లం, చింతపండు వ్యాపారాలు పెరిగాయి. నెలజీతం తెచ్చే అల్లుడు అరుదైన సరుకు. పొలం పని మానిపించి కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టడం కాస్త కలిగిన ఇంటికి గౌరవం. పని మానిన చేతికి ధర పడిపోయింది, జీతం ఉన్న కుర్రాడికి ధర పెరిగింది. దక్షిణాదిలో కట్నం ఆధునిక కాలపు పుట్టుక అనీ, చదువు, ఉద్యోగం ఉన్న వరుడికి కట్టే ధర అనీ సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ 1980ల్లో వాదించాడు. సరిహద్దుకు అవతల కర్ణాటక పల్లెల్లో పనిచేసిన కాల్డ్‌వెల్ దంపతులు, పి.హెచ్. రెడ్డి 1983లో ప్రచురించిన పరిశోధనలోనూ ఓలి వెనక్కిపోయి కట్నం ముందుకొచ్చిన కథే ఉంది. ఆంధ్రప్రదేశ్ 1958లోనే వరకట్న నిషేధ చట్టం చేసింది, దేశానికంతటికీ 1961లో వచ్చింది. కట్నం అనాదిగా ఉన్నదే అయితే నిషేధం అప్పుడే ఎందుకు అవసరమైంది? మరో సంగతి గమనించాలి. కట్నం వచ్చిన ఇళ్లలో మారుమనువు పోయింది. పైకులాల్లా ఉండాలన్న తాపత్రయంలో పైకులాల పెళ్లితంతుతో పాటు వితంతువు మీద ఆంక్షనూ అరువు తెచ్చుకున్నారు. ఇవాళ ‘మన సంప్రదాయం’ అంటున్నది చాలా ఇళ్లలో మూడు నాలుగు తరాల కిందట తెచ్చుకున్న ఆ అరువే.

కూతురికి ఆస్తిలో వాటా లేకపోవడమే కట్నానికి కారణమైతే ఆ వాటా ఇస్తే పోవాలి కదా అన్న ఆలోచన చట్టమైంది కూడా. 1985లో హిందూపురం నుంచి శాసనసభకు ఎన్నికైన ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ, ఆ ఏడాది సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. చట్టం పీఠికలోనే కట్నం దురాచారాన్ని రూపుమాపడం తన ఉద్దేశమని రాసుకుంది. దేశానికంతటికీ అటువంటి హక్కు రావడానికి 2005 దాకా ఆగాల్సి వచ్చింది. మంచి చట్టమే. కానీ ఎకరా రెండెకరాల మెట్ట, అదీ బోరు ఎండిపోయి, వేరుశనగ పంట వానను నమ్ముకున్న చోట, వాటా అడిగిన కూతురు పుట్టింటి గడప పోగొట్టుకుంటుంది. అందుకే చాలామంది అన్నదమ్ములకు సంతకం పెట్టి ఇచ్చేస్తారు. ‘నీ వాటా పెళ్లికి ఖర్చయింది’ అన్న మాట ఆ సంతకానికి సాకు. చట్టం ఇచ్చిన విలువ కూడా ఆమె చేతి దాకా రాలేదు.

చేతి దాకా వచ్చిన మొదటి విలువ జీతం. హిందూపురం చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో, సరిహద్దు దాటితే దొడ్డబళ్లాపురం, బెంగళూరు గార్మెంట్లలో, 2019లో ఉత్పత్తి మొదలైన పెనుకొండ దగ్గరి ఎర్రమంచి కియా కార్ల ఫ్యాక్టరీ వెంట వచ్చిన చిన్నాపెద్దా పనుల్లో ఈ సీమ పిల్లలు నెలనెలా జీతం తీసుకుంటున్నారు. వాళ్లలో ఆడపిల్లలూ ఉన్నారు. ఆ జీతం పెద్దది కాదు, పని సుఖమైనదీ కాదు. కానీ అది తండ్రికి ముట్టిన ఓలి కాదు, మామగారికి చెల్లిన కట్నం కాదు, ఆమె పేరు మీది బ్యాంకు ఖాతాలో పడింది. పొద్దున్న రైలులోనో కంపెనీ బస్సులోనో పరిచయమైన అబ్బాయి గురించి ఇంట్లో నోరు తెరిచే ధైర్యం ఫోన్ ఇచ్చిందని అందరూ అంటారు. ఫోన్ ఇచ్చింది మాట్లాడుకునే వీలు మాత్రమే. తల్లిదండ్రుల ఎదుట నిలబడి చెప్పే ధైర్యం, వద్దంటే కొన్నాళ్లు ఆగగలిగే ఓపిక జీతం ఇచ్చినవి. పదో తరగతి కాగానే పెళ్లి చేసిన పిల్లకు ఈ రెండూ ఉండవు. మేనరికం దగ్గర చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోనే ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 29 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది.

ప్రేమ పెళ్లిళ్లు నిలవవు, పెద్దలు చూసినవే పదికాలాలు ఉంటాయి అన్నది చివరి అభ్యంతరం. నిలవడం ఒక్కటే కొలత అయితే విడిపోయే దారి మూసేసిన పెళ్లిళ్లన్నీ నిలిచినట్టే కనపడతాయి. పాత పంచాయితీలకు ఆ తేడా తెలుసు కాబట్టే తెగదెంపులకు పద్ధతి పెట్టుకున్నాయి. అలాగని ఇష్టపడి చేసుకున్నవన్నీ స్వేచ్ఛ అనుకోవడమూ పొరపాటే. ఇష్టపడి చేసుకుని తర్వాత కట్నం అడిగినవాళ్లు ఉన్నారు. హద్దు దాటిన ప్రేమలు ఇంకా తక్కువే, దేశంలో కులాంతర వివాహాలు సుమారు 5 శాతమని 2011–12 నాటి మానవాభివృద్ధి సర్వే తేల్చింది. వయసొచ్చిన ఇద్దరు ఇష్టపడి పెళ్లాడితే అడ్డుపడే హక్కు కులపెద్దలకు గానీ బంధువులకు గానీ లేదని సుప్రీంకోర్టు 2006లో లతా సింగ్ కేసులో, 2018లో శక్తివాహిని కేసులో స్పష్టంగా చెప్పినా ఊళ్లలో భయం భయంగానే ఉంది. పెద్దల అనుభవానికి విలువ లేదని అనను. అబ్బాయి పనేమిటి, అప్పులెన్ని, తాగుడుందా, ఇంట్లో ఆడవాళ్లతో ఎలా మాట్లాడతాడు అని వాకబు చేయడంలో వాళ్లను మించినవాళ్లు లేరు. ఆ వాకబు పిల్ల చెప్పిన అబ్బాయి మీద కూడా చేయవచ్చు. కులం ఒక్కటే అడిగి మిగతావి వదిలేస్తే అది అనుభవం కాదు, సోమరితనం.

కాబట్టి ప్రేమించిన పిల్లకు చరిత్ర ఇచ్చే సలహా, పెద్దలకు ఇచ్చే సలహా ఒకటే. పెళ్లి మాట ఎత్తే ముందు ఆమె సంపాదన ఆమె చేతిలో ఉండేట్టు చూడండి, విడిపోవాల్సి వస్తే తిరిగి రావడానికి పుట్టింటి తలుపు తెరిచి ఉంచండి. మొదటిది ఈ సీమలో ఎన్నడూ జరగలేదు, ఇప్పుడిప్పుడే జరుగుతోంది. రెండోది మన ముత్తాతలు చేసిందే, మధ్యలో మనమే మానేశాం. ఈ రెండూ ఉన్నచోట పిల్ల బావను కోరుకున్నా, పెద్దలు చూపినవాణ్ని ఒప్పుకున్నా, రైలులో కలిసినవాణ్ని ఎంచుకున్నా ఆ మాట ఆమెదే అవుతుంది. ఈ రెండూ లేనిచోట అది ప్రేమ పెళ్లి అయినా, పెద్దల పెళ్లి అయినా బేరం వేరేవాళ్ల మధ్యే తెగుతుంది. ఇంటావంటా లేదని ఇకమీదట ఎవరైనా అంటే, ఏ తరం నాటి ఇల్లు, ఎవరి దగ్గర అరువు తెచ్చిన వంట అని నిలదీసి అడగడానికి ఈ సీమ పిల్లలకు పూర్తి హక్కుంది.